పాత బండి బిళ్ల

కుప్పం,
12 జనవరి 1977.

తాజుద్దీన్‌కు,

నాగప్ప నమస్కారాలు. సంతలో నిన్ను చూసి రెండేళ్లయింది. నీ ఆరోగ్యం, జహీరా చదువు బాగున్నాయని తలుస్తాను.

ఒక పనిమీద రాస్తున్నాను. మా అడవిదారి బండ్ల సంఘానికి నేను కార్యదర్శినని నీకు తెలుసు. చింతపండు, ఎండుకట్టె, ఆకు తెచ్చే బండ్లు తిరిగే దారి అది. వానలకు కొట్టుకుపోతే మట్టి పోసి సరిచేసుకునేది మేమే. అందుకు ఒక్కో బండి ఏడాదికొకసారి రుసుము కట్టి రేకు బిళ్ల తీసుకోవాలి. బిళ్ల లేని బండిని దారిలోకి వదలము.

ఈ ఏడు రుసుము మార్చాము. టైరు బండికి పది రూపాయలు. కర్రచక్రం బండికి పదిహేను, ఎందుకంటే ఇనుప పట్టా దారిని కోస్తుంది. పాత బండ్లవాళ్లు గోల చేశారు. వాళ్లు నెలకు రెండు మూడుసార్లకు మించి అడవికి పోరు. టైర్లు వేయించుకునే శక్తి లేదు. అందుకని 1951కి ముందు చేసిన బండికి అయిదు రూపాయలే అని నేను ప్రతిపాదించాను. పాత బండ్లు ఏటేటా తగ్గేవే కాని పెరిగేవి కావు, కాబట్టి సంఘానికి వచ్చే నష్టం కూడా ఏటేటా తగ్గుతుందని చెప్పాను. ఒప్పుకున్నారు.

బండికి పుట్టిన తేదీ కాగితం ఉండదు. అందుకే నీకు రాయడం. ఆ కాలంలో మా దారిలో తిరిగిన బండ్లు దాదాపు అన్నీ పుంగనూరు సంతలో కొన్నవే, మీ నాయన షంషుద్దీన్ గారి చేతివే. చక్రం నడుమ ఆకుకర్రలు గుచ్చుకునే కుండమీద ఆయన కాల్చి వేసిన ముద్ర ఉంటుంది: అర్ధచంద్రం, కింద మూడు చుక్కలు. ఆయన పోయిన తర్వాత ఆ ముద్ర వేయలేదని విన్నాను. అది నిజమేనా? నిజమైతే ఆ ముద్ర ఉన్న బండినే పాత బండిగా రాసుకుంటాము.

ఇట్లు,
నాగప్ప.


పుంగనూరు,
20 జనవరి 1977.

నాగప్పన్నకు తాజుద్దీన్ సలాములు.

చెప్పేది నేను, రాసేది జహీరా. నా నోటిమాట అలాగే రాస్తే పంతులమ్మలు నవ్వుతారని సరిచేసి రాస్తుంది. నేను చెప్పిందానికన్నా మంచిగా ఉంటే అది ఆమెది.

మా ఇంట్లో ముద్ర చేతిది, దుకాణానిది కాదు. ఎవరి చేతికి వాళ్ల ముద్ర. ఆ చెయ్యి పోతే ముద్ర కూడా పోయినట్టే. మా తాత ముద్ర చేప. నాన్నది నువ్వు చెప్పిన చంద్రవంక. నాది నక్షత్రం. నాన్న 1951లో రంజాన్ నెలలో పోయాడు. ఆయన ముద్ర ఇనుమును ఆయన తలగుడ్డలోనే చుట్టి పనిముట్ల పెట్టెలో అడుగున పెట్టాను. ఇరవై ఆరేళ్లు. బయటికి తీసింది లేదు. నీ రూలు మంచి రూలు. కళ్లు మూసుకుని బిళ్ల ఇవ్వు.

నీకు నవ్వొచ్చే మాట ఒకటి చెబుతాను. మొన్న ఒకాయన వచ్చి, "ఏం తాజన్నా, కర్రచక్రాలు ఇంకా సేస్తాండావా? మ్యూజియంలో పెట్టుకోను ఒక జత ఇయ్యి" అన్నాడు. "నీకు టైరు పంచరైన దినం రా, అప్పుడిస్తా" అన్నాను. టైరు బండ్లు వచ్చినాక నెలకు రెండు జతల చక్రాలు కూడా లేవు. ఉన్న పని కూడా పాతవి బాగుచేయడమే.

తాజుద్దీన్.

మామా, నేను జహీరా. పదో తరగతి పరీక్షలు మార్చిలో. నాన్న ఆ ఇనుమును నాకు ఒక్కసారి చూపించాడు. ముట్టుకోనివ్వలేదు.


కుప్పం,
6 మార్చి 1977.

తాజుద్దీన్‌కు,

నీ ఉత్తరం సంఘంలో చదివి వినిపించాను. అందరికీ సరిపోయింది. బిళ్లలు ఇవ్వడం నిన్నటితో ముగిసింది. టైరు బండ్లు అరవై నాలుగు, కర్రచక్రం బండ్లు యాభై మూడు, మీ నాయన ముద్ర ఉన్నవి ముప్పై ఎనిమిది. ముప్పై ఎనిమిది బండ్ల కుండలూ నేనే వంగి చూశాను. రెండు రోజులు నడుం పట్టేసింది.

కెంపమ్మ అందరికన్నా ముందు వచ్చింది. ఆమె నీకు గుర్తుండే ఉంటుంది, మెడగంటల ఎద్దులు, బండి ముందు కూడా ఒక కంచుగంట కట్టి ఉంటుంది. మొగుడు పోయినాక బండి తానే తోలుకుంటుంది. చింతపండు కాలంలో ఆ బండే ఆమెకు తిండి. బిళ్ల కొట్టించుకుంటూ, "ముద్ర సూసినావా రైటరూ? అద్దాలు తుడుసుకోని సూడు. మల్లా వచ్చే ఏడు కనపడలేదంటే ఊరుకోను" అంది. ఇక్కడ నన్ను రైటరు అంటారు.

నీ వల్ల ఈ పని తేలికయింది.

నాగప్ప.


పుంగనూరు,
14 నవంబరు 1977.

నాగప్పన్నకు తాజుద్దీన్ సలాములు.

ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. మీ దారి ఎలా ఉందో.

కెంపమ్మక్క బండి తోలుకుని ఇంత దూరం వచ్చింది. దారిలో గుంటలో దిగి ఎడమ చక్రం కుండ నిలువునా చీలింది. అంత దూరం తాళ్లతో కట్టుకుని ఎలా వచ్చిందో ఆమెకే తెలియాలి. నాలుగు రోజులు మా వసారాలోనే ఉంది. వంట వేరుగా చేసుకుంది కాని, జహీరా చేసిన చింతచిగురు పప్పు మాత్రం తిన్నది. తుమ్మమానుతో కొత్త కుండ చేసి వేశాను. రెండో చక్రం కుండ కూడా పుచ్చింది, అదీ మార్చాను. బండి ఇంకో ఇరవై ఏళ్లు తిరుగుతుంది.

ఆమెకు పాత బండి బిళ్ల అలాగే ఉంటుంది కదా? మనిషి అదే, బండి అదే.

తాజుద్దీన్.


కుప్పం,
30 జనవరి 1978.

తాజుద్దీన్‌కు,

నీ ఉత్తరానికి ఆలస్యంగా జవాబు రాస్తున్నాను. దారికి రెండుచోట్ల రాళ్లు పరిపించే పనిలో ఉన్నాను.

కెంపమ్మ బండి చూశాను. రెండు కుండలమీదా ముద్ర ఉంది. పాత బిళ్లే ఇచ్చాను. కుండలు మార్చానని నువ్వు రాసినట్టు గుర్తు. బహుశా పాత కుండలో మంచి భాగం మిగుల్చుకుని అతికించావేమో. నాకు వడ్రంగం తెలియదు.

ఈ ఏడు పాత బండ్లు నలభై ఒకటి వచ్చాయి. పోయినేడు ముప్పై ఎనిమిది. పోయినసారి కొందరు రాకపోయి ఉండవచ్చు.

జహీరా పరీక్షలో తప్పక గెలిచి ఉంటుంది. రాయమను.

నాగప్ప.


పుంగనూరు,
19 ఫిబ్రవరి 1978.

నాగప్పన్నకు తాజుద్దీన్ సలాములు.

పాత బండ్లు పెరిగాయంటే ఏముంది, కొట్టాల్లో కోళ్లు గుడ్లు పెట్టుకునే బండ్లన్నీ అయిదు రూపాయలు అనేసరికి దుమ్ము దులుపుకుని వచ్చి ఉంటాయి. రుసుము తక్కువైతే ముసలోళ్లకు కూడా తిరగబుద్ధి అవుతుంది.

చాలా ఏళ్లకు నా చేతికి పని వచ్చింది. మీ వైపు నుంచే వస్తున్నారు. గంగవరం నుంచి తుమ్మ మాన్లు రెండు బండ్లు తెప్పించాను. జహీరా ఫస్టుక్లాసులో గెలిచింది. ఇప్పుడు ఇక్కడే కాలేజీలో చదువుతోంది. వచ్చే జూన్లో మదనపల్లెలో పంతులమ్మ ట్రైనింగుకు చేర్పిస్తాను. అక్కడ హాస్టలు ఉంది.

ఆమె పోతే నా ఉత్తరాలు ఎవరు రాస్తారో అదే దిగులు.

తాజుద్దీన్.


కుప్పం,
21 జనవరి 1979.

తాజుద్దీన్‌కు,

ఏడాదిగా నీ నుంచి ఉత్తరం లేదు. జహీరా మదనపల్లెలో ఉండడమే కారణమని అనుకుంటున్నాను. ఇది ఎవరిచేతనైనా చదివించుకో.

ఈ ఏడు పాత బండ్లు నలభై ఆరు. నాకు తెలిసి పోయిన రెండేళ్లలో రెండు బండ్లు విరిగి పొయ్యిలోకి పోయాయి. కాబట్టి ముప్పై ఆరు ఉండాలి. పది ఎక్కువ ఉన్నాయి. పదింటిమీదా ముద్ర స్పష్టంగా ఉంది. చాలా స్పష్టంగా ఉంది.

సంఘం అధ్యక్షుడు మునిరాజు నీకు తెలుసు, నాలుగు టైరు బండ్లున్నాయి. కమిటీలో అందరి ముందూ, "ఏమప్పా రైటరూ, మీ పాత బండ్లు ఈనతాండాయా ఏంది? ఏడాదికి అయిదు దూడలు!" అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ తర్వాత ఆయన నవ్వకుండా అన్న మాట ఇది: అయిదు రూపాయల బిళ్ల తీసేయాలి, కర్రచక్రం ఏదైనా పదిహేనే. ఫిబ్రవరి ఇరవై అయిదు ఆదివారం సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతారు.

తీసేస్తే నిజంగా పాత బండ్లవాళ్లు ముప్పై మందికి పైగా దారి విడిచిపెడతారు. కెంపమ్మ అందులో మొదటిది. ఆమెకు పదిహేను రూపాయలంటే ఎద్దులకు నెల చొప్ప.

అందుచేత సమావేశానికి నువ్వు రావాలి. బండ్లన్నీ వరసగా నిలబెడతాము. మీ నాయన చేతిపని ఏదో, కానిదేదో నువ్వు చెప్పు. నువ్వు ఏది చెబితే అది రాసుకుంటానని నేను మాట ఇచ్చాను.

నాగప్ప.


మదనపల్లె,
8 ఫిబ్రవరి 1979.

నాగప్ప మామకు జహీరా నమస్కారాలు.

నాన్నకు జ్వరమనీ, సమావేశానికి రాలేడనీ నా చేతిరాతతో ఒక కార్డు మీకు ఈపాటికి అంది ఉంటుంది. ఈ ఉత్తరం నేను విడిగా రాస్తున్నాను. నాన్నకు తెలియదు.

మీ ఉత్తరాన్ని నాన్న పుంగనూరులో ఎవరికీ చూపించలేదు. జేబులో పెట్టుకుని బస్సెక్కి ఇక్కడికి వచ్చాడు. హాస్టలు గేటు దగ్గర చెట్టుకింద కూర్చుని నాచేత రెండుసార్లు చదివించుకున్నాడు. "చాలా స్పష్టంగా ఉంది" అన్న మాట దగ్గర ఆపి, "అది ఇంకోసారి చదువమ్మా" అన్నాడు. చదివాను. ఉత్తరం మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. తర్వాత, "జరమని రాసెయ్" అన్నాడు. జ్వరం లేదు మామా.

కెంపమ్మత్త మా ఇంట్లో ఉన్న నాలుగో రోజు, కుండలు బిగించినాక ఆమె చేత్తో తడిమి చూసి, "ముద్ర యాడ తాజన్నా? ఇదిలేకుంటే నా బిళ్ల పోతుంది గదా" అంది. నాన్న తన నక్షత్రం ముద్ర చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. అది వేస్తే ఆమె పాత బండి కొత్త బండి అయిపోతుంది. "నువ్వు పోయి ఎద్దులకు నీళ్లు పెట్టక్కా" అని ఆమెను పంపించి, పెట్టె అడుగు నుంచి తాతగారి తలగుడ్డ తీశాడు. కాల్చేటప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆయన ముఖం చూడలేక పొగవైపు చూశాను. అప్పుడు నేను రాసిన ఉత్తరంలో ఆ సంగతి లేదు. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఒక నెలకు కొండప్ప అనే ఆయన వచ్చాడు. "కెంపమ్మకు ఏసినావు గదా, నాకు యాల ఏయవు? మా నాయన కొన్న బండి, చక్రాలు ఎప్పుడో మారిపోయినాయి, అంతే" అన్నాడు. అది నిజమేనేమో అని వేశాడు. తర్వాత వచ్చినవాళ్లను అడగడం కూడా మానేశాడు. ముద్రకు పైకం తీసుకోలేదు. కాని ముద్ర కోసమే వాళ్లు చక్రాలు ఇక్కడ చేయించుకున్నారు. కెంపమ్మత్తతో కలిపి పదకొండు బండ్లు.

ఆ పనితోనే నేను ఇక్కడ చదువుకుంటున్నాను. అందుకే ఇన్నాళ్లు మీకు రాయడానికి చెయ్యి రాలేదు. నేను రాయకుండా ఉండడం కూడా అబద్ధం రాసినట్టే.

ఒక్కటే అడుగుతాను. పదిమందిలో ఆయన్ని నిలబెట్టి అడగవద్దు. కెంపమ్మత్త బిళ్ల మాత్రం పోకూడదు. ఈ రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియడం లేదు.

జహీరా.


కుప్పం,
13 ఫిబ్రవరి 1979.

తాజుద్దీన్‌కు,

జ్వరమని కార్డు అందింది. తగ్గాలి.

నీకు చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. ఇప్పుడు చెబుతున్నాను.

సంఘంలో చేరకముందు నేను అడవి గేటు దగ్గర కాపలా ఉన్నానని నీకు తెలుసు. 1946 నుంచి. పొద్దున లోపలికి పోయిన బండి సాయంత్రం బయటికి వచ్చిందా లేదా చూడడం నా పని. అప్పటికి నాకు అక్షరం ముక్క రాదు. బడికి పోలేదు. గుర్తుండక, ఒక నోటుబుక్కు కొని, పోయిన బండికల్లా ఒక బొమ్మ గీసుకునేవాణ్ణి. ఎవరి బండికి ఏది గుర్తో అది. గంట, నెమలి, కొమ్ము విరిగిన ఎద్దు, ఎర్రరంగు కాడి. బండి తిరిగొస్తే బొమ్మ కింద గీత. రోజుకొక పుట. అయిదేళ్లు అలా గీశాను. పొట్లం కాగితాలు చదువుకుంటూ అక్షరాలు నేర్చుకున్నది 1951లో. అప్పటి నుంచి పేర్లు రాశాను. ఈ రోజు వరకు ఒక్క రోజు మానలేదు.

ఆ బొమ్మల పుస్తకాలు అయిదూ నా ట్రంకులో ఉన్నాయి. పాత బండి ఏదో తేల్చడానికి అవి చాలు. ఆ సంగతి 1977లోనే నాకు తెలుసు. కాని రైటరు అని పిలిచేవాళ్ల ముందు ఆ బొమ్మలు తెరవడానికి సిగ్గుపడ్డాను. అందుకే మీ నాయన ముద్రమీద భారమంతా పెట్టాను. నా సిగ్గును నీ మెడకు తగిలించాను. బరువు మోసినవాడిదే తప్పు, ఎత్తినవాడిది కాదు అనుకోవడం న్యాయం కాదు.

ఇరవై అయిదో తారీకు ఆ పుస్తకాలు సమావేశానికి తీసుకుపోతాను. నువ్వు వచ్చినా రాకపోయినా తీసుకుపోతాను. వస్తే, పొద్దున్నే పుంగనూరు నుంచి పలమనేరు వచ్చి, అక్కడ కుప్పం బస్సు పట్టుకుంటే పదిన్నరకు చేరవచ్చు. బస్టాండులో ఉంటాను.

ఇది మదనపల్లెకు తీసుకుపోయి జహీరాచేత చదివించుకో. వేరే ఎవరికీ ఇవ్వవద్దు.

నాగప్ప.


కుప్పం,
27 ఫిబ్రవరి 1979.

అమ్మా జహీరా,

నీ ఉత్తరం చేరింది. దాన్ని గురించి మీ నాయనతో ఒక్క మాట అనలేదు. ఇకమీద కూడా అనను. అయినా జరిగింది నీకు తెలియాలి. ఆయన తనకు తాను చెప్పుకోడు, అందుకని నేను రాస్తున్నాను.

పదిన్నర బస్సులో రాలేదు. పదకొండు బస్సులోనూ రాలేదు. నేను ట్రంకు మోసుకుని సమావేశానికి పోయాను. బండ్లు చింతతోపు వెంబడి వరసగా నిలబెట్టి ఉన్నాయి. మునిరాజు మాట్లాడడం మొదలుపెట్టినాక, మీ నాయన రోడ్డుమీంచి నడుచుకుంటూ వచ్చాడు. చంకలో చిన్న గుడ్డమూట.

మునిరాజు అడిగాడు. "రాప్పా తాజుద్దీనూ. మా పాత బండ్లు ఏటేటా పుట్టుకొస్తాండాయి. నువ్వేం సెప్తావు?"

"సెప్పేదేముండాది. సుద్దముక్క ఒకటి ఇయ్యండి" అన్నాడు మీ నాయన.

సుద్ద తీసుకుని వరసలో నడిచాడు. వంగి చూడలేదు. చూడాల్సిన అవసరం లేనట్టుగా నడిచాడు. కొన్ని బండ్ల దగ్గర ఆగి చక్రంమీద అడ్డగీత నిలువుగీత వేశాడు. అలా పది. వాటిలో కొండప్ప బండి ఒకటి. కొండప్ప ఊరుకోలేదు. "ఇదేం న్యాయమప్పా? నువ్వే ఏసి నువ్వే కొట్టేస్తాండావే!" అన్నాడు. దాంతో అందరికీ అర్థమయింది.

చివరికి కెంపమ్మ బండి దగ్గర నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

"యాల నిలబడినావు తాజన్నా? నా బండి నీకు తెలీదా?"

"తెలుసక్కా. దీంతోనే మొదలుపెట్టినాను" అని, దానిమీద కూడా గీతలు వేశాడు.

కెంపమ్మ బండి దిగింది. "నేనేమన్నా దొంగముద్ర ఏయమన్యానా? ముద్ర యాడ అని అడిగినాను, అంతే గదా! ఏయకూడదంటే ఏయకూడదని సెప్పలేకపోయినావా? లేని వయసు పెట్టబోయి ఉండే వయసు తీసేసినావే!" అంది. తిట్టు అంతే. ఆమెకు అంతకన్నా పెద్ద తిట్లు వచ్చు. అవి వాడలేదు.

మీ నాయన మూట విప్పి ఇనుము బయటపెట్టాడు. "ఈ ముద్ర మా నాయనది. నేను వాడకూడనిది. వాడినాను. నా మాటమీద మీరు బిళ్లలు ఇచ్చినారు. ఇంక నా మాట తీసుకోవద్దండి" అన్నాడు.

మునిరాజు దానికి సంతోషిస్తాడనుకున్నాను. సంతోషించలేదు. తల గోక్కుని, "అయితే ఓటు పెడదామా?" అన్నాడు, మెల్లగా.

అప్పుడు నేను లేచి ట్రంకు తెరిచాను. మొదటి పుస్తకం తీసి బల్లమీద పెట్టాను. మునిరాజు తిప్పి చూసి, "ఇదేంది రైటరూ? పిల్లోళ్ల బొమ్మలా?" అన్నాడు.

"నావి. నాకు అప్పుడు చదువు రాదు" అన్నాను.

ముప్పై ఏళ్లు మొయ్యాల్సిన బరువు కాదు అమ్మా అది. చెప్పడానికి ఒక్క ఊపిరి పట్టింది.

తర్వాత కెంపమ్మ వచ్చి పుటమీద వంగింది. వేలు పెట్టింది. "ఇదో నా గంట! మా ఆయన కట్టింది! పక్కన కొమ్మిరిగిన ఎద్దు, అది మా రాముడు!" అని అరిచింది. 1947 మార్చి పుట అది. ఆ తర్వాత నన్ను పక్కకు తోసేశారు. ముసలివాళ్లందరూ బల్ల చుట్టూ చేరి, "ఇది మా మామ బండి", "ఈ నెమలి ఎవురిది రా?" అని పుటలు తిప్పారు. చదువు రానివాళ్లే ఎక్కువ చదివారు. నెమలి కొండప్ప నాయనది. కొండప్ప మాట నిజమే. వాళ్ల బండి నిజంగానే పాతది, చక్రాలు మాత్రమే మారాయి. అతను మీ నాయనను చూసి, "సూసినావా, నేను సెప్పలే? ఆ సుద్ద తుడుసు!" అన్నాడు. మీ నాయన తుడిచాడు. ఆ రోజు ఆయన నవ్వింది అప్పుడొక్కసారే.

తీర్మానం ఇలా రాశాను. కుండ మారినా, ఇరుసు మారినా, నొగ మారినా, 1951కి ముందు గేటు పుస్తకంలో ఉన్న బండి పాత బండే. రుసుము అయిదు రూపాయలు. చేతులెత్తారు. మునిరాజు కూడా ఎత్తాడు. మొత్తం ముప్పై ఏడు బండ్లు, కెంపమ్మది అందులో ఉంది. మిగిలిన తొమ్మిది ఇకమీద పదిహేను కడతాయి.

ఇనుమును సంఘంలో పెట్టుకోవాలని ఒకరన్నారు. అది వాళ్ల నాయన చెయ్యి, సంఘానికి దానితో పని లేదని నేనన్నాను. మీ నాయన గుడ్డలో చుట్టుకున్నాడు. పదకొండు బండ్లమీదా ఆ ముద్రను ఉలితో చెక్కేసి పోతానని ఇక్కడే రెండు రోజులు ఉన్నాడు. మా ఇంట్లోనే పడుకున్నాడు. కూలి అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. కొందరు ఆయనతో మాట్లాడలేదు కూడా. మీ వైపుకు చక్రాల పని ఇకమీద తగ్గుతుంది. నీ చదువు ఆగకూడదని నాతో అన్నాడు. ఆగదు. అది మేమిద్దరం మాట్లాడుకున్నాము.

పోయేటప్పుడు బస్టాండులో, "నాగప్పన్నా, నువ్వు రాసిందాంట్లో జరం తగ్గాలని ఉండాది, మదనపల్లెకు పొమ్మని కూడా ఉండాది. నాకు జరం లేదని నీకు ముందే తెలుసా?" అన్నాడు.

"బస్సు వచ్చింది, ఎక్కు" అన్నాను.

నాగప్ప.


కుప్పం,
3 జూన్ 1979.

తాజుద్దీన్‌కు,

నీ కార్డు నిన్న చేరింది. పోస్టుమాను అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఒక్క అక్షరం లేదు సార్, ఎవరో పిల్లలు ఆడుకోని పంపినట్టుండాది" అని నవ్వాడు. నేను అరుగుమీద కూర్చుని మొత్తం చదివాను.

బండి, ముందు గంట. అంటే కెంపమ్మ మళ్లీ మీ ఇంటికి వచ్చింది. రెండు చక్రాలు, రెండింటి నడుమా నక్షత్రం. చెక్కేసిన చోట నీ ముద్ర వేశావు. పక్కన గిన్నె, గిన్నెలోంచి ఆవిరి. ఈసారి ఆమె నీ ఇంట్లో వంట వేరుగా చేసుకోలేదు. ఎద్దుకు రెండు కొమ్ములు గీశావు, అది సరికాదు. ఇప్పటి ఎద్దుకు కూడా ఎడమ కొమ్ము కొస విరిగింది, ఈసారి చూడు. మూలన గుడ్డమూట, దానిమీద మన్ను, మన్నుమీద ఒక మొక్క. ఇనుమును మీ నాయన సమాధి దగ్గరే పెట్టావని అర్థమయింది. మంచి పని చేశావు.

కార్డును ఈనాటి లెక్క పుటలో అతికించాను. నా పుస్తకంలో ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత ఒక బొమ్మ పడింది.

జహీరా సెలవులకు వచ్చినప్పుడు ఈ వైపు చదివి వినిపిస్తుంది. అంతవరకు నీకు వెనక వైపు గీసిన బొమ్మ చాలు.

నాగప్ప.